తొలకరికి ముందు ఒక గుంట నేల

నలుబది గుంటలు ఒక ఎకరము. గుంట యనగా 121 చదరపు గజములు. మన ఇబ్రహీంపట్నము పరిసర గ్రామములలో ఇంటి వెనుక ఇంతపాటి ఖాళీ నేల గల కుటుంబములు నేటికిని కలవు. బెండ, వంగ, గోరుచిక్కుడు, ఆకుకూరలు ఇంటి అవసరమునకు పండించుకొనుటకు ఈ నేల చాలును. కాని మృగశిర కార్తె ప్రవేశించి, వాన పడిన పిదప పార చేతబట్టువారే ఎక్కువ. అప్పటికి సగము పని చేయిదాటి పోయినట్లే.

ఇచ్చట ఒక మాట. మనము ‘ఖరీఫ్’ అనుచున్న పదమునకు అరబ్బీలో శరదృతువని అర్థము. ‘రబీ’ యనగా వసంతము. అనగా ఆ పేర్లు పంట ఇంటికి వచ్చు కాలమును బట్టి ఏర్పడినవి. మన రైతు ‘వానకాలపు పంట’ యనునపుడు విత్తు కాలమును తలచుచున్నాడు. ఈ వ్యాసమున చెప్పబోవునది ఈ రెంటికిని ముందరి కాలమును గూర్చి, అనగా మార్చి మొదలు మే వరకు జరుగవలసిన పనిని గూర్చి.

ఒక సెంటీమీటరు వాన కురిసినచో గుంట నేలపై సుమారు వేయి లీటర్ల నీరు పడును. అది నేలలోనికి ఇంకునా, వీధిలోనికి పారునా అన్నదే ప్రశ్న. మన ప్రాంతమున హెచ్చుగా నున్నవి ఎర్ర చల్క నేలలు. వీనిలో ఇసుక పాలు ఎక్కువ, బంకమన్ను తక్కువ. వాన చినుకుల తాకిడికి పైమన్ను మెదిగి, ఆరిన వెంటనే పెచ్చు గట్టును. తరువాతి వాన ఆ పెచ్చు మీదుగా జారిపోవుచు, సారవంతమైన సన్నని మన్నును వెంట గొనిపోవును. వానకు ముందే జానెడు లోతున త్రవ్వి, పెళ్ళలను చితుకగొట్టక గరుకుగా వదలిన నేల మాత్రము నీటిని లోనికి తీసికొనును. మార్చి, ఏప్రిల్ మాసములలో అప్పుడప్పుడు పడు జల్లుల వెనువెంటనే ఈ పని చేసినచో శ్రమ సగము తగ్గును. పెరడైనను వాలుకు అడ్డముగనే త్రవ్వవలెను. పైకి తేలిన పురుగుల కోశములు కొన్ని ఎండకు మాడిపోగా, కొన్నిటిని గోరువంకలు ఏరుకొని తినును. తుంగను మాత్రము ఎండకు వదలి ఊరకుండరాదు. తునిగిన ప్రతి గడ్డయు తడి తగిలినచో మరల మొలచును గనుక చేతితో ఏరి పారవేయవలసినదే.

కొట్టుకొనిపోయిన మన్ను ఎచ్చటికి చేరును? చెరువులోనికి. మన పెద్దచెరువు ఇబ్రహీం కుతుబ్‌షా (1550–1580) కాలము నాటిదని ప్రసిద్ధి. ఊరి పేరును ఆయనదే. ఇట్టి చెరువుల అడుగున పేరుకొనిన ఒండ్రుమట్టి, నిజమునకు పైనున్న పొలముల సారమే. ఎండకాలమున చెరువు ఎండినపుడు ఆ మట్టిని బండ్లతో తిరిగి పొలములకు తోలుకొనుట తెలంగాణ రైతుల పాత అలవాటు. 2015లో ప్రారంభమైన మిషన్ కాకతీయ పథకమునందును పూడిక మట్టిని రైతులు పొలములకు తరలించుకొనిరి. గుంట నేలపై ఒక అంగుళము మందమున పరచుటకు సుమారు 90 ఘనపుటడుగుల మట్టి, అనగా ఇంచుమించు ఒక ట్రాక్టరు ట్రాలీ, కావలెను. అంతకు మించి ఆశపడరాదు. బంకమన్ను ఎక్కువైనచో నీరు నిలిచి వేళ్ళు కుళ్ళును. నల్లరేగడి నేలకు ఈ మట్టితో పనియే లేదు. ఊరి మురుగునీరు చేరు కుంటల మట్టిని కూరగాయల మడులకు తేకుండుట మేలు. మే నెలకు ముందే పరచినచో ఎండకు బీటలువారి, తొలి జల్లుకు దానంతట అదే పొడి యగును.

పెంట విషయమున తొందర పనికిరాదు. పచ్చిపేడ వేసినచో చెదలు, వేరుపురుగు వెంట వచ్చును. బాగుగా మాగి నల్లబడి, వాసన పోయిన ఎరువును గుంటకు 200 కిలోల వరకు విత్తుటకు రెండు మూడు వారముల ముందు చల్లి కలియద్రవ్వవలెను. పెద్ద చెలకలు గలవారు గొల్ల కుర్మల గొర్రెల మందలను రాత్రులు నిలిపించుకొందురు. అంతకు మించిన ఎరువు లేదని నా అభిప్రాయము. పెరటికి అది సాధ్యము కాదు గదా!

క్రొత్తగా ఇండ్లు కట్టుకొన్నవారి చిక్కు వేరు. వారి పెరటిలో పైమన్ను పోయి మొరము, ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్ళలు మిగిలియుండును. సిమెంటు, సున్నము కలిసిన నేలలో క్షారగుణము పెరిగి, లేత ఆకులు పసుపువన్నెకు తిరుగును. అట్టిచోట ముందుగా చెత్తను ఏరివేసి, ఆ మీదనే మట్టిని గూర్చి ఆలోచింపవలెను. ఎరువు వేయుటకు ముందే ఎనిమిది, పది చోట్ల జానెడు లోపు గుంతలు తీసి, వాని ప్రక్కలనుండి చెక్కిన మట్టిని కలిపి, నీడన ఆరబెట్టి, అర్ధకిలో మట్టిని భూసార పరీక్షకు పంపుట మంచిది. గట్ల మీద, చెట్ల క్రింద, పెంటకుప్ప చెంత తీసిన మట్టి తప్పు ఫలితమునిచ్చును.

ఇక విత్తుట ఎపుడు? మొదటి చినుకుకు కాదు. పైన రెండంగుళములు తడిసి అడుగు పొడిగా నున్నచో మొలక పైకి వచ్చి మాడిపోవును. ఒకచోట త్రవ్వి చూడవలెను. జానెడు లోతు వరకు తడి దిగి, పిడికిట నొక్కిన మన్ను ముద్దయై, వ్రేలితో తాకగానే విడిపోయినచో, ఆ దినముననే దంతెతో నేలను చదును చేసి, మడులు కట్టి విత్తవచ్చును.