రిజర్వు: ఎవరి కోసం?

ఇంగ్లీషువారు వెళ్ళిపోతూ మనకు వదిలిన మాటల్లో 'రిజర్వు' అంత గడుసుది ఇంకొకటి నాకు కనపడదు. బస్సులో సీటు రిజర్వు, రైల్లో బెర్తు రిజర్వు. దేశపు సొమ్ముకు కాపలా 1935లో వెలసిన రిజర్వు బ్యాంకు. వేలంలో ఇంతకు తగ్గితే వస్తువు ఇవ్వనని సొంతదారు ముందే అనుకున్న ధర రిజర్వు ధర. ఇక నలుగురిలో నోరు విప్పని పిల్లను 'రిజర్వుడు' అంటారు. పెళ్ళిచూపుల నాడు అది సుగుణం; అత్తవారింట అడుగు పెట్టాక అదే పొగరు!

లాటినులో దీని మూలానికి వెనక్కి తీసి ఉంచటమని అర్థం. మా మనవరాలు "తాతయ్యా, అంటే ఏమిటి?" అని అడిగితే, వంటింటి పైఅర చూపించాను. పండుగ అరిసెల్లో కొన్ని తీసి, అల్లుడుగారి కోసమని మా ఆవిడ అక్కడ దాచింది. అవి అల్లుడికి కేటాయింపు, పిల్లలకు నిషేధం. డబ్బా ఒక్కటే, ఎవరు చూస్తున్నారన్న దాన్నిబట్టి అర్థం మారుతుంది.

ఈ తిరకాసు మా అచ్చంపేట వాళ్ళకు తెలిసినంతగా మరెవరికీ తెలియదేమో. ఊరు దాటి నల్లమల వైపు పోతే అమ్రాబాదు పీఠభూమి. అక్కడి చెంచుల మధ్య 1940లో ఉండి పరిశోధన చేసిన పండితుడు, ఆస్ట్రియాలో పుట్టిన హైమెండార్ఫ్. 1943లో వారిపై పుస్తకం కూడా అచ్చువేశాడు. ఆయన సలహాపై నిజాం ప్రభుత్వం సుమారు లక్ష ఎకరాల అడవిని 'చెంచు రిజర్వు' చేసింది. గడ్డలు తవ్వుకుని, తేనె తీసుకుని వారు తమ తీరున బతికేందుకన్నమాట.

నాలుగు దశాబ్దాలు గడిచాయి. 1983లో నాగార్జునసాగర్–శ్రీశైలం అడవి పులుల రిజర్వు అయింది. 2014లో రాష్ట్రం విడిపోయాక తెలంగాణ వైపు భాగం అమ్రాబాదు పులుల రిజర్వుగా నిలిచింది. మొత్తం 2,600 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. రాత్రి 9 గంటలకు మన్ననూరు దగ్గర గేటు పడితే, శ్రీశైలం పోయే బండ్లు తెల్లవారి 6 దాకా ఆగవలసిందే. పులికి ఆ మాత్రం నిద్రాభంగం లేకుండా చూడటం మంచిదే. కాని అడవి అదే, మాట అదే. ఎవరి కోసమన్నది మాత్రం మారిపోయింది.

ఇంకొక చిత్రం. అచ్చంపేట శాసనసభ స్థానమూ రిజర్వుడే, షెడ్యూల్డు కులాలకు. చెంచులేమో షెడ్యూల్డు తెగ. వారు ఓటు వేయవచ్చు గాని ఇక్కడ అభ్యర్థులుగా నిలవటానికి లేదు. ఇందులో ఎవరి తప్పూ లేదు. అయినా ఇన్ని రిజర్వుల నడుమ ఉన్నవారికి ఇదీ పైఅర డబ్బాయే.

ఇప్పుడు పులుల రిజర్వు నడిభాగంలోని పెంటలను బయటికి తరలించే మాట నడుస్తోంది. ఇష్టపడి వెళ్ళే కుటుంబానికి 15 లక్షల రూపాయలు, లేదా ఇల్లూ భూమీ. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ప్రకారం సంగతులన్నీ తెలిసి గ్రామసభ ఒప్పుకోవాలి. అందుచేత, ఆ సభలో చదివే కాగితంలో 'రిజర్వు' అని రాసి ఊరుకోవద్దని అధికారులకు నా మనవి. ఏ చోటు, ఎవరికి కేటాయింపు, ఎవరికి నిషేధం, ఎన్నాళ్ళు, ఇవన్నీ పెంటలో ముసలమ్మకు కూడా తెలిసేలా తెలుగులో రాయాలి. చదివి వినిపించాకే వేలిముద్ర అడగాలి.