‘విశ్రాంతి’ పడిందా... కీచుమనేది సోడా!

తెర మీద ‘విశ్రాంతి’ అన్న అక్షరాలు పడీ పడకముందే నేల టికెట్ జనం తలుపుల వైపు ఉరికేవారు. హీరోయిన్ పెళ్లి ఆగిందా, విలన్ పారిపోయాడా అన్న బెంగ తర్వాత! ముందు సోడా బండి దగ్గర చోటు దొరకాలి. బకెట్టంత పాప్‌కార్న్ ఒళ్లో పెట్టుకుని మల్టీప్లెక్స్‌లో కూర్చునే నేటి కుర్రకారుకి ఇది వింతగా తోచవచ్చు. కానీ ఒకప్పుడు ఇంటర్వెల్‌కి ఒక రుచి ఉండేది. ఆ రుచికి ఒక గాజు సీసా ఉండేది. తాగాక ఆ సీసా తిరిగి ఇచ్చేయాలి. అసలు కథంతా అక్కడే ఉంది!

గోలీ సోడా సంగతే చూడండి. దాని సీసా మన సొత్తు అనుకుంటాం గానీ, హిరమ్ కాడ్ అనే ఇంగ్లీషు ఇంజనీరు 1872లో దానికి పేటెంటు పొందాడు. మూత లేదు, బిరడా లేదు. మెడలో ఒక గోలీ, మూతి దగ్గర రబ్బరు రింగు, అంతే. మిషన్‌లో సీసాను తలకిందులు చేసి గ్యాసు పట్టిస్తే, ఆ ఒత్తిడికి గోలీ వచ్చి రింగుకి బిగుసుకుంటుంది. బొటనవేలితో గట్టిగా నొక్కితే కీచుమని అరిచి లోపలికి జారుతుంది. ఆ గోలీని మెడ దగ్గరి నొక్కులో ఆపి తాగడం ఒక విద్య. అది తెలియనివాడు సీసా ఎత్తితే చుక్క రాదు, చుట్టూ ఉన్నవాళ్లకి టికెట్ లేని కామెడీ! మామూలు సోడా, నిమ్మకాయ సోడా, కలర్ సోడా... సీమ వైపు వెళ్తే నన్నారి. గోదావరి జిల్లాల వాళ్లని కదిపితే మాత్రం రామచంద్రపురం ఆర్టోస్ పేరెత్తకుండా వదలరు.

బాల్కనీ వారి దర్జా వేరు. వారికి ‘కూల్ డ్రింకు’ కావాలి. విదేశీ వాటా 40 శాతానికి తగ్గించుకోమని ప్రభుత్వం పట్టుబట్టడంతో 1977లో కోకాకోలా మన దేశం వదిలి వెళ్లిపోయింది. ఆ ఖాళీలో ప్రభుత్వమే ‘డబుల్ సెవెన్’ అనే డ్రింకు దింపింది గానీ అది ఆడలేదు. పార్లే వారి థమ్సప్ ఆడింది! నారింజ రంగు గోల్డ్ స్పాట్ అప్పటికే కుర్రకారు గుండెల్లో ఉంది. 1993లో కోకాకోలా తిరిగొచ్చి ఈ రెండింటినీ కొనేసింది. థమ్సప్‌ను జనం వదల్లేదు గనుక నిలిచింది, తర్వాత చిరంజీవి, మహేష్‌బాబు లాంటి హీరోల చేతికీ వచ్చింది. గోల్డ్ స్పాట్‌ను మాత్రం ఫాంటా కోసం పక్కకి తప్పించారు. ఆడుతున్న బొమ్మను ఎత్తేయడమంటే ఇదే! మా బాబాయి ఇప్పటికీ కిళ్లీకొట్లో గోల్డ్ స్పాట్ అనే అడుగుతాడు. కొట్టు కుర్రాడు సిగరెట్ల వైపు చూస్తాడు.

సరే, సీసా దగ్గరికి వద్దాం. అది తిరిగి ఇచ్చేదాకా బండివాడు కదలనిచ్చేవాడు కాదు. కాబట్టి అక్కడే నిలబడి తాగాలి. పక్కన అదే అవస్థలో మరో పదిమంది, ముక్కూ మొహం తెలియనివాళ్లు. పాటలు బాగున్నాయా, ఫైటు తేలిపోయిందా... సినిమా జాతకం సగం అక్కడే తేలిపోయేది. ప్లాస్టిక్ సీసా వచ్చాక ఎవరి సీసా వాళ్లు సీటుకి పట్టుకుపోయారు.

మా ఊరి హాలు ముందు చాలా ఏళ్లు సోడాలమ్మిన ఒకాయన్ని ఈమధ్య కలిశాను. సినిమా ఫ్లాపైతే నిర్మాత కంటే ముందు తనకే తెలిసేదట! మొదటి వారం తిరక్కుండానే ఖాళీ కావాల్సిన సీసాలు నిండుగా మిగిలిపోయేవి, ఇంట్లో పొయ్యి దగ్గర గొడవ మొదలయ్యేది. ఇప్పుడా హాలు కల్యాణ మండపం. ఆయన అదే గేటులోంచి పెళ్లిళ్లకి మంచినీళ్ల క్యాన్లు మోస్తున్నాడు.

అన్నట్టు, గోలీ సోడా మళ్లీ వస్తోంది లెండి, కొత్త లేబుళ్లతో, సూపర్ మార్కెట్లలోకి. ఒకటి కొని ఆయన చేతికిచ్చాను. బొటనవేలు పెట్టి ఒక్క నొక్కు నొక్కాడు. రెండు గుక్కల్లో ముగించి, “గ్యాసు తక్కువైంది బాబూ” అని తేల్చేశాడు. సీసా కడిగి పట్టుకొచ్చి, దీన్ని ఎక్కడ ఇచ్చేయాలని అడిగాడు.