సముద్రంలో గుంజ ఎట్లా పాతుతారు?



మన హైదరాబాదుకి సముద్రం లేదు. కాని సముద్రంలో పుట్టిన వాన మన దాకా వస్తది. 2020 అక్టోబరు 13న బంగాళాఖాతం వాయుగుండం కాకినాడ దగ్గర తీరం దాటి తెలంగాణ మీదికి వచ్చింది. ఆ వానకి సరూర్‌నగర్ చెరువు పొంగింది. దిల్‌సుఖ్‌నగర్ పక్కన కోదండరాంనగర్ ఇండ్లలోకి నీళ్ళు వచ్చాయి. ఎల్‌బీ నగర్ చుట్టుపక్కల కాలనీలు కూడా మునిగాయి.

వాయుగుండానికి బలం వెచ్చని సముద్రపు నీటి నుంచి వస్తుంది. ఉపగ్రహం పైపై నీటి వేడినే చూడగలదు. గోదావరి, కృష్ణ, గంగ తెచ్చే మంచినీళ్ళు ఉప్పునీళ్ళ కన్నా తేలిక. అందుకని పైనే పరుచుకుంటాయి. కింద వేడి ఎంత లోతు దాకా ఉందో తెలియాలంటే పరికరాలు నీళ్ళలోనే ఉండాలి. అందుకే బోయ్ అనే తేలే పరికరాన్ని సముద్రంలో కట్టేస్తారు. బర్రెను పలుపుతో గుంజకు కట్టినట్టే. బోయ్ బర్రె, తాడు పలుపు, లంగరు గుంజ.

మన దేశంలో ఈ పని చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ చేస్తుంది. ఈ బోయ్‌ల కార్యక్రమం 1996లో మొదలైంది. సాగర్ నిధి అనే ఓడ ఆ సంస్థదే.

నడిసముద్రంలో లోతు చాలాచోట్ల 3 కిలోమీటర్లు. ఎల్‌బీ నగర్ చౌరస్తా నుంచి చైతన్యపురి మెట్రో స్టేషన్ దాటేదాకా ఉన్న రోడ్డును బావిలోకి నిలువుగా దించినట్టు అనుకోండి.

ముందుగా ఓడ నుంచి కిందికి శబ్దం పంపి, అది తిరిగొచ్చే సమయాన్ని బట్టి లోతు కొలుస్తారు. దాన్ని బట్టే తాడు పొడవు. మనం ముందు గుంజ పాతి తర్వాత బర్రెను కడతం. ఇక్కడ తిరగేసి చేస్తారు. మొదట బోయ్‌ని క్రేనుతో నీళ్ళలోకి దించుతారు. ఓడ మెల్లగా ముందుకు పోతుంటే వెనక తాడు వదులుతూ, దానికి పరికరాలు బిగిస్తారు. ఇవి 500 మీటర్ల లోతు దాకా వేడిని, ఉప్పదనాన్ని కొలుస్తాయి. టన్నుల బరువున్న లంగరును చివరికి వదులుతారు. అదే ముందు వేస్తే ఆ బరువంతా తాడు మీద పడుతుంది. పరికరాలు బిగించే మనుషులకి ప్రమాదం.

లంగరు మునిగేటప్పుడు తాడు దాన్ని వెనక్కి, బోయ్ వైపుకి లాగుతుంది. అందుకని ఓడ అనుకున్న చోటు కొంచెం దాటినంకనే లంగరు వదులుతారు.

తర్వాత ఎట్లా తీస్తారు? లంగరు పైన ఒక కొక్కెం ఉంటుంది. ఓడ నుంచి గుర్తు శబ్దం పంపితే అది తెరుచుకుంటుంది. లంగరు అడుగునే ఉండిపోతది, తాడు పైకి వస్తది.

బోయ్ కొలిచిన లెక్కలు ఉపగ్రహం ద్వారా చెన్నైకి, అక్కడి నుంచి మన ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్‌కి చేరతాయి. వాతావరణ శాఖకీ అవి పనికొస్తాయి.

ఒక చిక్కు ఉంది. బోయ్ కింద చేపలు చేరతాయి. వేటకొచ్చినవాళ్ళు పడవలు దానికే కడతారు. తాడు తెగుతది, పరికరాలు పోతాయి. అప్పుడు అక్కడి కబురు ఆగిపోతది. తుపాను కబురు మొదట కావాల్సింది వేటకి పోయే ఆ మనుషులకే. కాబట్టి తీరం ఊర్ల పిల్లలు మీకు కలిస్తే ఈ సంగతి తప్పక చెప్పండి.

— 9వ తరగతి విద్యార్థిని