చిన్న గది, ఊరంత గొంతు

మాస్కో నడిబొడ్డున, లుబ్యాంకా మెట్రో స్టేషన్ పక్కనే ఒక పాత భవనం ఉంది. దాని నాలుగో అంతస్తులో, ఒకప్పుడు పలు కుటుంబాలు కలిసి కాపురమున్న వాటాలో ఒక గది. ఒకే కిటికీ, ఒక రాతబల్ల, ఒక సోఫా. మొత్తం కొలిచినా పన్నెండు చదరపు మీటర్లు దాటదు. మన లెక్కలో 130 చదరపు అడుగుల లోపే. మైకు లేకుండానే హాలంతా మార్మోగించే గొంతున్న ఆరడుగుల మనిషి, కవి వ్లదీమిర్ మయకోవ్‌స్కీ, 1919 నుంచి చివరిదాకా రాసుకున్నది ఇందులోనే. ఈ గదిని ఆయన చిన్న పడవతో పోల్చుకున్నాడు.

ఆ పడవ బయలుదేరింది మాత్రం దూరాన, జార్జియా కొండల్లోని బగ్దాతి నుంచి. 1893లో అక్కడే పుట్టాడు. తండ్రి అటవీ అధికారి. 1906లో కాగితాలు కుడుతుండగా ఆయన వేలికి గుండుసూది గుచ్చుకుంది. రక్తం విషమై ప్రాణమే పోయింది. కుటుంబం మాస్కో చేరింది. ఆ సూదిపోటు కొడుకును జీవితాంతం వెంటాడింది. ఎక్కడికెళ్లినా జేబులో సబ్బు ఉండాల్సిందే; తలుపు పిడి పట్టుకోవాలంటే చేతికి గుడ్డ అడ్డం పెట్టుకోవాల్సిందే.

పదిహేనేళ్లు నిండకముందే బోల్షివిక్కులతో కలిశాడు. మూడుసార్లు అరెస్టయ్యాడు. బుటీర్కా జైల్లో 103వ నంబరు ఒంటరి గదిలో దొరికిన పుస్తకమల్లా చదివి, ఒక నోటుబుక్కు నిండా కవితలు రాశాడు. విడుదలప్పుడు కాపలావాళ్లు దాన్ని లాక్కున్నారు. అవి అచ్చుకెక్కకపోవడమే మేలయిందని తరవాత వాళ్లకే కృతజ్ఞత చెప్పుకున్నాడు!

విప్లవం తరవాత కాగితం కరువైంది, అచ్చుయంత్రాలు మూగబోయాయి. అప్పుడు రోస్తా వార్తాసంస్థ చిత్రకారులు వార్తల్ని బొమ్మలుగా గీసి, అట్టముక్కల్లో అచ్చులు కత్తిరించి, వాటి మీద రంగు అద్ది నకళ్లు తీసేవారు. సరుకుల్లేక బోసిపోయిన దుకాణాల అద్దాల్లో వాటిని అతికించేవారు. వీటిలో చాలావాటికి మాటలు రాసింది, కొన్నింటికి బొమ్మలు గీసింది మయకోవ్‌స్కీయే. రాత్రి మొద్దునిద్ర పట్టకూడదని తలగడ బదులు కట్టెదుంగ పెట్టుకుని పడుకునేవాడు. ఆ తరవాత కొన్నేళ్లకు, 1923 నుంచి, కవితాపాదాల్ని మెట్లలా విరిచి పేర్చడం మొదలుపెట్టాడు. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ఏ మాట మీద బరువెయ్యాలో ఆ మెట్లే చదివేవాడికి చెబుతాయి.

1930 ఫిబ్రవరిలో తన ఇరవై ఏళ్ల పని మీద ప్రదర్శన పెడితే పేరున్న రచయితలు మొహం చాటేశారు. ఏప్రిల్ 14 ఉదయం ఈ గదిలోనే తుపాకీ పేల్చుకున్నాడు. వయసు 36. చివరిచూపుకు జనం వేలాదిగా తరలివచ్చారు.

గది చూసినవారు కూడలినీ చూడాలి. 1935లో త్రియుంఫాల్నయా కూడలికి ఆయన పేరు పెట్టారు. 1992లో పాత పేరు తిరిగొచ్చినా, 1958లో నిలిపిన కంచు విగ్రహం అలాగే ఉంది. ఆవిష్కరణ రోజు నుంచే కుర్రకారు దాని కింద చేరి కవితలు చదవసాగారు. 1961లో అధికారులు ఆ సభల్ని అణిచివేసి కొందరిని జైలుకు పంపారు. మయకోవ్‌స్కీని పుస్తకాల్లో చదువుకున్న శ్రీశ్రీ అభిమానులకు ఈ కూడలిలో నిలబడితే మనసు ఊరుకోదు.

విగ్రహం నుంచి 33 మీటర్ల లోతుకు దిగితే 1938లో తెరిచిన మయకోవ్‌స్కయా స్టేషన్. అలెక్సెయ్ దూష్కిన్ రూపకల్పన. స్తంభాల్ని చుట్టిన స్టీలు పట్టీలు గాలిఓడల కర్మాగారంలో తయారయ్యాయి. తలెత్తితే ఒక్కో గుమ్మటం లోపల ఒక్కో ఆకాశం: విమానాలు, పారాచూట్లు, పక్షులు. చిత్రకారుడు దైనేకా గీసిన 34 మొజాయిక్‌లు ఒక పగలూ రాత్రీ గడిచే ఆకాశాన్ని చూపిస్తాయి. భూమి అడుగున నడుస్తూ రోజంతా ఆకాశం చూడొచ్చు.

లుబ్యాంకా నుంచి ఎర్ర లైనులో ఒక్క స్టేషన్ వెళ్లి, ఆకుపచ్చ లైనుకు మారితే మయకోవ్‌స్కయాకు మరో రెండు స్టేషన్లు. గది ఉన్న మ్యూజియాన్ని 2013లో పునర్నిర్మాణానికి మూసేశారు కాబట్టి, తెరిచిందో లేదో కనుక్కుని బయలుదేరాలి. మెట్రోకు ఆ చింత లేదు. తెల్లవారుజామున ఐదున్నర నుంచి రాత్రి ఒంటిగంట దాకా నడుస్తుంది. మయకోవ్‌స్కయాలో రైలు ఆగిన ప్రతిసారీ బోగీలో ఆయన పేరు గట్టిగా వినిపిస్తుంది. పనికి పోయే జనం మధ్య గొంతెత్తి చదవాలని తపించిన కవికి ఇంతకన్నా తగిన చోటు ఏముంటుంది!