అడుగడుగునా లెక్క కట్టే మోకాలు

ఈ రోజు బడికి నడిచి వచ్చేటప్పుడు మీ మోకాళ్ళ గురించి ఒక్కసారైనా ఆలోచించారా? ఆలోచించి ఉండరు. ఆ అవసరమే రాదు. స్నేహితుడితో కబుర్లు చెబుతూ, చెట్టు మీది చిలకను చూస్తూ గతుకుల బాటలో కూడా హాయిగా నడిచి వచ్చేస్తారు.

నా పాత విద్యార్థి ఒకడు లారీ ప్రమాదంలో కుడికాలు తొడ వరకు పోగొట్టుకున్నాడు. మామూలు కృత్రిమ కాలు పెట్టించుకుని ఒకసారి నన్ను చూడటానికి బడికి వచ్చాడు. గేటు నుంచి మా గది దాకా తల ఎత్తకుండా నేలనే చూస్తూ నడిచాడు. "ఏం నాయనా, ఏమైనా పారేసుకున్నావా?" అని అడిగాను. "లేదు మాస్టారూ, చూడకపోతే పడిపోతాను" అన్నాడు.

ఎందుకు పడిపోతాడు? అది తెలియాలంటే మోకాలు చేసే పనేమిటో తెలియాలి.

తలుపు బందు కాదు

మోకాలు మడతబందు కీలు అని మీరు పాఠంలో చదువుకున్నారు. తలుపు బందులాగా ఇది ముఖ్యంగా ఒకే తలంలో కదులుతుంది. కాని తలుపు బందుకు లేని గుణం ఒకటి దీనికి ఉంది. లేచి నిలబడి, అరచేతిని తొడ ముందు భాగం మీద ఉంచి, మోకాళ్ళను కొద్దిగా వంచండి. తొడ కండరం గట్టిపడింది కదూ? మీరు కూలిపోకుండా పట్టి ఉంచినది అదే.

నడకలో ప్రతి కాలూ సుమారు 60 శాతం కాలం నేలమీద ఆని ఉంటుంది, 40 శాతం కాలం గాలిలో ఊగుతుంది. నేలమీద ఉన్నప్పుడు మోకాలు బిగువుగా నిలిచి శరీరం బరువును మోయాలి. గాలిలో ఉన్నప్పుడు సులువుగా మడవాలి. లేకపోతే కాలివేళ్ళు నేలకు తగులుతాయి. ఈ బిగింపు, సడలింపు కండరాలు, నాడులు చూసుకుంటాయి.

'మయూరి' చిత్రంలో నటించిన నర్తకి సుధాచంద్రన్‌ కథ మీ పెద్దలకు తెలుసు. 1981లో జరిగిన ప్రమాదం తరువాత ఆమె జైపూర్ కాలు ధరించి మళ్ళీ నాట్యం చేశారు. ఆమెకు కాలు మోకాలి కింద పోయింది. సొంత మోకాలు మిగిలింది. మోకాలు కూడా పోయినవారి కష్టం ఇంకా పెద్దది. వారికి ఉత్త బందు అమర్చితే, అది కొంచెం వంగగానే మనిషి కూలబడతాడు. తాళం వేసి బిగిస్తే, కర్రకాలులా పక్కకు తిప్పుకుంటూ నడవాలి.

సిరంజి చెప్పే పాఠం

బిగింపును మార్చగల మోకాలిని ఎలా చేస్తారు? ఒక చిన్న ప్రయోగం చేయండి. సూది లేని కొత్త ప్లాస్టిక్ సిరంజిలో నీరు నింపి ముషలకాన్ని నొక్కండి. నీరు సులువుగా బయటికి చిమ్ముతుంది. ఇప్పుడు రంధ్రాన్ని వేలితో సగం మూసి నొక్కండి. బలం ఎక్కువ కావాలి. పూర్తిగా మూస్తే ముషలకం కదలనే కదలదు.

కృత్రిమ మోకాలిలో నీటికి బదులు నూనె ఉంటుంది. మోకాలు వంగాలంటే ఆ నూనె ఒక సన్నని దారిగుండా పోవాలి. దారిలో కవాటం ఉంటుంది. కవాటం తెరిస్తే మోకాలు వదులు, మూస్తే బిగువు. ఇక మిగిలిన ప్రశ్న ఒక్కటే: కవాటాన్ని ఎప్పుడు, ఎంత తిప్పాలి?

ఆ పని కంప్యూటరుకు అప్పగించారు. 1990 దశకం ఆరంభంలో వచ్చిన ఇటువంటి మోకాళ్ళు కాలు గాలిలో ఊగే వేగాన్ని మాత్రమే సరిచేసేవి. 1997లో జర్మనీకి చెందిన ఆటోబాక్ సంస్థ 'సి-లెగ్' అనే మోకాలిని తెచ్చింది. ఇది ఊగేటప్పుడే కాక, నేలమీద ఆని ఉన్నప్పుడు కూడా బిగింపును మారుస్తుంది.

పాదం పైనున్న గొట్టంలో వంపు బలాన్ని కొలిచే సాధనం ఉంటుంది. మోకాలి దగ్గర కోణాన్ని కొలిచే సాధనం ఉంటుంది. ఈ కొలతలు సెకనుకు 50 సార్లు కంప్యూటరుకు చేరతాయి. మామూలు నడకలో ఒక కాలు నేలమీద ఆని, లేచి, మళ్ళీ ఆనడానికి సుమారు ఒక సెకను పడుతుంది. అంటే, ఆ కొద్ది సమయంలోనే 50 కొలతలన్నమాట! మడమ ఆనిందా? అయితే బిగించు. బరువు మునివేళ్ళ మీదికి వచ్చిందా? కాలు లేవబోతోంది, వదులు చెయ్యి. ఊగుతున్న కాలు దేనికో తగిలి మధ్యలో ఆగిందా? వెంటనే బరువు మోయడానికి సిద్ధంగా ఉండు. చిన్న మోటారు ఈ ఆజ్ఞల ప్రకారం కవాటాన్ని తిప్పుతుంది.

ఏం చేయగలదు, ఏం చేయలేదు?

ఇటువంటి మోకాలితో వాలు మీద దిగవచ్చు. ఒక్కో మెట్టుకు ఒక్కో కాలు వేస్తూ మెట్లు దిగవచ్చు. మోకాలు చప్పున కూలిపోకుండా నెమ్మదిగా లొంగుతుంది. మీట మార్చుకుని సైకిలు తొక్కేవారూ ఉన్నారు. 2016లో స్విట్జర్లాండులోని జ్యూరిచ్ సమీపంలో జరిగిన 'సైబథ్లాన్' పోటీలలో కృత్రిమ కాళ్ళవారు సోఫాలో కూర్చుని లేవడం, మెట్లు ఎక్కి దిగడం వంటి నిత్యజీవితపు పనులలోనే పందెం వేసుకున్నారు.

అయితే ఒక విషయం మరువకండి. ఈ మోకాలు చేసేది ముఖ్యంగా బ్రేకు పని. తోసే బలం దీనికి లేదు. ఆ బలాన్ని ధరించినవాని తుంటి కండరాలే ఇవ్వాలి. మోటారుతో స్వయంగా తోసే మోకాళ్ళు కూడా తరువాత వచ్చాయి. రాత్రిపూట బ్యాటరీని ఛార్జి చేసుకోవాలి. వీటిలో కొన్ని నమూనాలను నీటిలో తడపకూడదు. అన్నిటికీ మించి, నెలల తరబడి నడక నేర్చుకోవాలి.

ఖరీదు మరో అడ్డంకి. నా విద్యార్థికి ఒక కంప్యూటరు మోకాలిని కొద్దిరోజులు అమర్చి చూశారు. ఆ రోజులలో మళ్ళీ బడికి వచ్చాడు. గేటు దగ్గరే ఆగి, "మాస్టారూ, మన వేపచెట్టు ఎంత ఎత్తు పెరిగింది!" అన్నాడు. ఆ చెట్టు కిందుగా అతను ఇదివరకు ఎన్నోసార్లు నడిచాడు, కాని తల ఎత్తి చూడలేదు. దాని ఖరీదు లక్షలలో ఉంది. కొనలేక తిరిగి ఇచ్చేశాడు.

చవకైన మోకాళ్ళ కోసం కృషి జరుగుతూనే ఉంది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు జైపూర్ సంస్థతో కలిసి సుమారు 20 డాలర్లకే తయారయ్యే ప్లాస్టిక్ మోకాలిని రూపొందించారు. 2022లో మద్రాసు ఐ.ఐ.టి. వారు 'కదం' అనే మోకాలిని వెలువరించారు. వీటిలో కంప్యూటరు లేదు. కీలు ఒకే ఇరుసు మీద కాక కొన్ని కడ్డీల మీద తిరుగుతుంది కనుక, నిలబడినప్పుడు అవి తొందరగా కూలవు. చవకదనాన్ని, కంప్యూటరు చూపే జాగ్రత్తను ఒకేచోట చేర్చే పని ఇంకా మిగిలి ఉంది. ఇందులో భౌతికశాస్త్రం ఉంది, జీవశాస్త్రం ఉంది, లెక్కలు ఉన్నాయి. మీరు ఈ ఏడు చదువుతున్న పాఠాలే ఇవి.

అంతవరకు మీరు చేయగల పని ఒకటి చెబుతాను. కృత్రిమ కాలుతో మెట్లు దిగుతున్నవారిని చూస్తే సాయమనుకుని హఠాత్తుగా చెయ్యి పట్టుకోకండి. వారి తూకం తప్పుతుంది. "చెయ్యి ఇమ్మంటారా?" అని ముందు అడగండి. వద్దంటే దారి ఇచ్చి, పక్కన నడవండి.