మెలకువను కాచే ఒరెక్సిన్

"హాస్టల్ పిల్లలా? తిని పడుకుంటారు." ఈ మాట వినని వాళ్ళు మనలో ఉండరు. స్టడీ అవర్‌లో కునికినా, క్లాసులో బెంచీ మీద తల వాల్చినా వెంటనే బద్ధకస్తుడని ముద్ర పడుతుంది. హాస్టల్ దాటి దిల్‌సుఖ్‌నగర్‌లో గ్రూప్స్ కోచింగ్‌కు చేరిన మాకూ ఆ ముద్ర తప్పలేదు. మరి మనిషి మెలకువగా ఉండటం పట్టుదల ఒక్కదాని మీదే ఆధారపడి ఉందా? లేదని సైన్సు చెబుతోంది. మెదడులో తయారయ్యే ఒరెక్సిన్ అనే పదార్థం గురించి తెలుసుకుంటే ఆ సంగతి మనకే అర్థమవుతుంది.

ఒరెక్సిన్ అంటే ఏమిటి?

మెదడులోని నాడీకణాలు రసాయనాల ద్వారా ఒకదానికొకటి కబురు పంపుకుంటాయి. ఆ రసాయనాల్లో అమైనో ఆమ్లాల చిన్న గొలుసులను న్యూరోపెప్టైడ్లు అంటారు. మనం తినే పప్పులో, గుడ్డులో ఉండే ప్రొటీన్లు కూడా అమైనో ఆమ్లాల గొలుసులే. కాకపోతే అవి చాలా పొడవైనవి. ఒరెక్సిన్‌లో రెండు రకాలున్నాయి. 'ఎ' రకంలో 33 అమైనో ఆమ్లాలు, 'బి' రకంలో 28 ఉంటాయి.

1998లో అమెరికాలో రెండు బృందాలు దీన్ని విడివిడిగా కనుగొన్నాయి. డాలస్‌లో పనిచేస్తున్న జపాన్ శాస్త్రవేత్తలు మసాషి యనగిసావా, తకేషి సకురాయ్‌ల బృందం ఈ పదార్థాన్ని ఎలుకల మెదడులోకి ఎక్కిస్తే అవి ఎక్కువగా తిన్నాయి. అందుకే ఆకలి అనే అర్థమున్న గ్రీకు మాట 'ఒరెక్సిస్' నుంచి దీనికి పేరు పెట్టారు. కాలిఫోర్నియాలోని రెండో బృందం 'హైపోక్రెటిన్' అని పేరు పెట్టింది. పుస్తకాల్లో రెండు పేర్లూ కనిపిస్తాయి. పదార్థం మాత్రం ఒక్కటే.

మెదడు అడుగుభాగంలో బాదం గింజంత ఉండే హైపోథలామస్‌లో ఇది తయారవుతుంది. మన మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలుంటే, ఒరెక్సిన్‌ను తయారుచేసేవి కొన్ని పదుల వేలే. అయినా వాటి పోగులు మెదడంతటా పాకి ఉంటాయి.

ఇది చేసే పనులు

మనల్ని మేల్కొలిపి ఉంచే కేంద్రాలు మెదడులో చాలా ఉన్నాయి. కొన్ని హిస్టమిన్‌తో, కొన్ని నారడ్రినలిన్‌తో, మరికొన్ని డోపమిన్, సెరటోనిన్‌లతో పనిచేస్తాయి. జలుబుకు వేసుకునే కొన్ని మాత్రలతో మత్తు వచ్చేది అవి మెదడులో హిస్టమిన్‌ను అడ్డుకోవడం వల్లే. ఒరెక్సిన్ ఈ కేంద్రాలన్నింటినీ కలిపి నడుపుతుంది. రాత్రి మన హాస్టల్ వాచ్‌మెన్ గది గదికీ తిరిగి చూసినట్టు ఇది ఒక్కో కేంద్రం సడలకుండా చూస్తుంది. అంతేకాదు, గుండె వేగం, రక్తపోటు, ఒంటి వేడి పెరగడంలో కూడా దీని పాత్ర ఉంది.

ఆకలికీ మెలకువకూ సంబంధం ఏమిటి? 2003లో జపాన్ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం చేశారు. మామూలు చిట్టెలుకలకు తిండి పెట్టకపోతే అవి నిద్రపోకుండా అటూ ఇటూ ఎక్కువగా తిరిగాయి. ఒరెక్సిన్ కణాలు లేని చిట్టెలుకలు మాత్రం ఆకలేసినా అలా తిరగలేదు. రక్తంలో గ్లూకోజు పెరిగితే ఈ కణాలు నెమ్మదిస్తాయి, తగ్గితే చురుకవుతాయి అని కూడా వాళ్ళు చూశారు. తిండి లేని జంతువు పడుకుంటే బతకలేదు, లేచి వెతుక్కోవాలి. ప్రకృతి చేసిన ఏర్పాటు ఇది.

ఇప్పుడు మన సంగతి చూద్దాం. సూర్యాపేట, ఖమ్మం వైపు నుంచి రాత్రి బస్సులో వచ్చి తెల్లవారుజామున ఎల్.బి.నగర్ చౌరస్తాలో దిగే అభ్యర్థి సరిగా నిద్రపోయి ఉండడు, ఏమీ తిని ఉండడు. అయినా పరీక్ష అయ్యేదాకా కళ్ళు మూతపడవు. ఆకలి, ఆందోళన రెండూ మెలకువను లాగి పట్టుకుంటాయి. మధ్యాహ్నం దిల్‌సుఖ్‌నగర్ మెస్‌లో ప్లేటు నిండా అన్నం తిన్నాక అక్కడే కునుకు వస్తుంది. దీనికి ఒరెక్సిన్ ఒక్కటే కారణం కాదు. మధ్యాహ్నం శరీర గడియారం కూడా కొంత మందగిస్తుంది, రాత్రి బాకీ పడిన నిద్ర కూడా వసూలుకు వస్తుంది. ఇందులో బద్ధకం ఎక్కడుంది?

ఒరెక్సిన్ లేకపోతే?

కొందరికి ఈ కణాలే నశించిపోతాయి. ఆ జబ్బు పేరు నార్కోలెప్సీ. 1999లో ఎమాన్యుయెల్ మిన్యో బృందం స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో డాబర్‌మన్ జాతి కుక్కలను పరిశీలించి, ఒరెక్సిన్ కబురు అందుకునే భాగం చెడితే ఈ జబ్బు వస్తుందని తేల్చింది. ఈ జబ్బున్న మనుషుల మెదళ్ళలో ఒరెక్సిన్ కణాలు చాలావరకు లేవని 2000లో తెలిసింది. ఈ కృషికి మిన్యో, యనగిసావాలకు 2023 బ్రేక్‌త్రూ బహుమతి లభించింది.

ఈ జబ్బు ఎక్కువగా పదేళ్ళకూ పాతికేళ్ళకూ మధ్య, అంటే సరిగ్గా మన హాస్టల్ వయసులో మొదలవుతుంది. అమెరికా, ఐరోపా లెక్కల ప్రకారం సుమారు రెండు వేల మందిలో ఒకరికి ఉంటుంది. రాత్రి బాగా పడుకున్నా పగలు ఆపుకోలేని నిద్ర వస్తుంది. కొందరికి పకపకా నవ్వినప్పుడు మోకాళ్ళు సడలి కూలబడతారు, తెలివి మాత్రం ఉంటుంది. ఫిట్స్ అనో, నటన అనో చూసేవాళ్ళు పొరబడతారు. అసలు జబ్బు గుర్తించడానికి ఏళ్ళు పడుతుంటుంది.

మరో లక్షణం నిద్రలో మెలకువ వచ్చినా ఒళ్ళు కదలకపోవడం, గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు అనిపించడం. ఇది నిద్ర చాలని ఆరోగ్యవంతులకు కూడా అప్పుడప్పుడు వస్తుంది. దాన్నే మనం దయ్యం కూర్చుందని చెప్పుకుంటాం. కలల నిద్రలో కండరాలు సడలి ఉంటాయి. ఆ సడలింపు పోకముందే మెలకువ వస్తే అలా అవుతుంది. దయ్యం లేదు, తాయెత్తు అక్కరలేదు.

మనం చేయవలసినది

చాయ్‌తో నిద్రను గెలవొచ్చని అనుకుంటాం. చాయ్‌లోని కెఫీన్ అలసటను తెలిపే అడినోసిన్ అనే రసాయనం కబురును కాసేపు అడ్డుకుంటుంది, అంతే. నిద్ర బాకీ తీరదు. 13 నుంచి 18 ఏళ్ళ వాళ్ళకు రోజుకు 8 నుంచి 10 గంటలు, ఆపై యువతకు 7 నుంచి 9 గంటల నిద్ర కావాలి. పగలు చదివింది మెదడులో నిలిచేది నిద్రలోనే. కాబట్టి తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, పరీక్ష ముందు రాత్రంతా మేలుకోవడం గొప్ప కాదు, నష్టం.

గదిలో ఎవరైనా సరిపడా నిద్రపోయి కూడా నెలల తరబడి పగలు ఆగకుండా నిద్రపోతుంటే, నవ్వినప్పుడు కూలబడుతుంటే నవ్వుకోకండి. వార్డెన్ సార్‌కు చెప్పండి. ఉస్మానియా, నిమ్స్ వంటి ఆస్పత్రుల్లో నరాల విభాగాలు ఉన్నాయి. ఈ జబ్బును పూర్తిగా పోగొట్టలేకపోయినా మందులతో, పగటిపూట వేళకు తీసే చిన్న కునుకులతో అదుపులో పెట్టుకుని చదువు సాగించవచ్చు. మనలో చాలామంది ఇళ్ళల్లో చదువుకున్న మొదటి తరం మనమే. ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళాలో చెప్పేవాళ్ళు ఇంట్లో ఉండరు. ఆ మాట హాస్టల్‌లో పక్క మంచం వాళ్ళే చెప్పాలి. బద్ధకమన్న ముద్రతో ఒక్క విద్యార్థి చదువు మానేసినా అది మనందరికీ నష్టమే.