తాతయ్య యుద్ధానికి వెళ్లారంటారు.. మరి ఎక్కడికి? ఆర్మీ రికార్డుల్లో ఇలా వెతకండి

"మా తాత మిలిటరీలో చేశాడు.. బర్మా యుద్ధానికి వెళ్లొచ్చాడు." మన ఊళ్లలో చాలా ఇళ్లల్లో వినిపించే మాటే ఇది. ఏ దళంలో చేశారు? ఏ ఏడాది చేరారు? నిజంగా బర్మాయేనా, లేక ఈజిప్టా, ఇటలీయా? అని అడిగితే మాత్రం ఎవరి దగ్గరా జవాబు ఉండదు. గోడ మీద ఒక పాత ఫొటో, ట్రంకుపెట్టెలో ఒకట్రెండు మెడల్స్.. మిగిలేది అంతే.

రెండో ప్రపంచ యుద్ధంలో భారత సైన్యంలో 25 లక్షల మందికి పైగా పనిచేశారు. దాదాపు 87 వేల మంది చనిపోయారు. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని తెలుగు జిల్లాల నుంచి వెళ్లినవాళ్లు కూడా వారిలో ఉన్నారు. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరానికి 'మిలిటరీ మాధవరం' అని పేరు రావడానికి కారణం ఇలా తరతరాలుగా సైన్యంలో చేరిన కుటుంబాలే.

మరి మీ తాతగారి సర్వీసు వివరాలు ఇప్పుడు దొరుకుతాయా? కొంతవరకు దొరుకుతాయి. అయితే వెతకాల్సింది పేరుతో కాదు.. నంబర్‌తో.

పేరు కంటే నంబరే ముఖ్యం.. ఎందుకంటే?

అప్పట్లో సైన్యంలో చేరిన మనవాళ్ల పేర్లను ఇంగ్లీషులో ఎవరికి తోచినట్టు వాళ్లు రాసుకున్నారు. వెంకటేశ్వర్లు అనే పేరునే నాలుగైదు రకాలుగా రాసి ఉండొచ్చు. చాలాచోట్ల ఇంటిపేరు ఉండదు. ఉన్నా ఒక్క అక్షరంతో సరిపెట్టేవారు. అప్పారావులు, సుబ్బారావులు వందల్లో ఉంటారు. వాళ్లలో మీ తాతగారు ఎవరో తేల్చేది ఆర్మీ నంబర్ ఒక్కటే. దాని పక్కనే దళం పేరు కూడా దొరికితే సగం పని అయిపోయినట్టే.

ముందు ఇంట్లోనే వెతకండి

డిశ్చార్జ్ సర్టిఫికెట్: సైన్యం నుంచి వచ్చేసేటప్పుడు ఇచ్చిన కాగితం ఇది. నంబర్, ర్యాంకు, దళం, చేరిన తేదీ, బయటికి వచ్చిన తేదీ సాధారణంగా ఇందులోనే ఉంటాయి. పొలం దస్తావేజుల మధ్యలోనో, పాత బీమా కాగితాల్లోనో కలిసిపోయి ఉండొచ్చు.

మెడల్స్: భారత సైనికులకు ఇచ్చిన చాలా మెడల్స్‌పై నంబర్, పేరు, దళం చెక్కి ఉంటాయి. గుండ్రటి మెడల్ అయితే అంచు మీద చూడండి. ఆరు కోణాల నక్షత్రం అయితే వెనక్కి తిప్పి చూడండి. ఒక్క మాట.. మెరవాలని చింతపండుతో తోమొద్దు. అరిగిపోతే ఆ అక్షరాలు మళ్లీ రావు.

మెడల్ రకాన్ని బట్టి ఏ ప్రాంతంలో పనిచేశారో కూడా తెలుస్తుంది. బర్మా స్టార్ ఉంటే 1941 డిసెంబరు నుంచి 1945 సెప్టెంబరు మధ్య బర్మా రంగంలో ఉన్నట్టు. ఆఫ్రికా స్టార్ అంటే 1940 జూన్ నుంచి 1943 మే మధ్య ఉత్తర ఆఫ్రికా వైపు. ఇటలీ స్టార్ అంటే 1943 జూన్ తర్వాత ఇటలీ వైపు. ఇండియా సర్వీస్ మెడల్ మాత్రం దేశంలోనే ఎక్కువ కాలం పనిచేసినవారికి ఇచ్చారు. అంటే ఇంట్లో చెప్పుకొనే 'బర్మా' కథ నిజమో కాదో ఒక్కోసారి ట్రంకుపెట్టెలోనే తేలిపోతుంది.

ఫొటో: భుజం మీద, టోపీ మీద ఉన్న గుర్తులను ఫోన్‌లో జూమ్ చేసి చూడండి. భుజం మీద నల్ల పిల్లి బొమ్మ ఉంటే అది బర్మాలో పోరాడిన 17వ డివిజన్. ఎర్ర గద్ద అయితే ఉత్తర ఆఫ్రికా, ఇటలీల్లో పోరాడిన 4వ డివిజన్. పాత ఫొటోల్లో రంగులు కనిపించవు కాబట్టి బొమ్మ ఆకారాన్ని చూడాలి.

దళం తెలిసింది.. ఇప్పుడు ఎవరిని అడగాలి?

జవాన్ల రికార్డులన్నీ ఢిల్లీలో ఒకేచోట ఉండవు. ఒక్కో రెజిమెంటుకు, ఒక్కో కోర్‌కు వేరే రికార్డ్ ఆఫీసు ఉంటుంది. పాత దళాల్లో చాలావాటి పేర్లు మారాయి కూడా.

మద్రాస్ శాపర్స్ అండ్ మైనర్స్ ఇప్పుడు మద్రాస్ ఇంజినీర్ గ్రూప్. దీని కేంద్రం బెంగళూరులో ఉంది. మద్రాస్ రెజిమెంటుకు నీలగిరుల్లోని వెల్లింగ్టన్. రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్ అని ఉంటే ఇప్పటి ఏఎస్‌సీ, బెంగళూరు. ఇండియన్ పయనీర్ కోర్ కూడా బెంగళూరే. ఇండియన్ ఆర్మీ మెడికల్ కోర్ అయితే ఇప్పటి ఏఎంసీ, లక్నో. ఆర్డినెన్స్ కోర్, ఈఎంఈ కేంద్రాలు సికింద్రాబాద్‌లోనే ఉన్నాయి.

తెలంగాణవాళ్లు ఇక్కడే ఒక పొరపాటు చేసే అవకాశం ఉంది. కాగితం మీద '19వ హైదరాబాద్ రెజిమెంట్' అని కనిపిస్తే నిజాం సైన్యం అనుకోవద్దు. అది బ్రిటిష్ ఇండియా సైన్యంలోని రెజిమెంట్. 1945లో దాని పేరు కుమావూ రెజిమెంట్‌గా మారింది. కేంద్రం ఉత్తరాఖండ్‌లోని రాణిఖేత్. నిజాం సంస్థాన సేనలు వేరు. ఆ సేనకు చెందిన 1వ హైదరాబాద్ ఇన్‌ఫంట్రీ 1941 డిసెంబరులో మలయాలోని కోట భారు దగ్గర జపాన్ దాడిని ఎదుర్కొంది. మీవాళ్లు సంస్థాన సేనల్లో చేసి ఉంటే హైదరాబాద్ తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌లో కూడా అడిగి చూడండి.

పది రూపాయల దరఖాస్తు

సమాచార హక్కు చట్టం కింద సైన్యాన్ని కూడా అడగొచ్చు. కేంద్ర ప్రభుత్వ ఆర్‌టీఐ ఆన్‌లైన్ పోర్టల్‌లో భారత సైన్యాన్ని ఎంచుకుని దరఖాస్తు పెట్టండి. ఫీజు 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. 'మా తాత గురించి మొత్తం చెప్పండి' అని రాస్తే పని జరగదు. నంబర్, పేరు, తండ్రి పేరు, ఊరు, దళం రాసి.. చేరిన తేదీ, డిశ్చార్జ్ తేదీ, పనిచేసిన యూనిట్లు, వచ్చిన మెడల్స్ అని విడివిడిగా అడగండి. ఆయన మరణ ధ్రువపత్రం, మీకు బంధుత్వం ఉన్నట్టు చూపే కాగితం జత చేస్తే మంచిది.

ఊరి వివరాలు రాసేటప్పుడు అప్పటి జిల్లా పేరు కూడా రాయండి. ప్రకాశం జిల్లా 1970లో ఏర్పడింది. యుద్ధకాలం రికార్డుల్లో ఆ ఊళ్లు గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల కింద ఉంటాయి. విజయవాడ 'బెజవాడ'గా, కాకినాడ 'కోకనాడ'గా కనిపిస్తాయి.

'రికార్డులు లేవు' అంటే అక్కడితో ఆపేయాలా?

చాలామందికి వచ్చే జవాబు ఇదే.. "నిబంధనల ప్రకారం రికార్డులు ధ్వంసం చేశాం." ఇది అబద్ధం కాకపోవచ్చు. యుద్ధం అయిపోగానే లక్షల మందిని ఇళ్లకు పంపేశారు. సిపాయికి పెన్షన్ రావాలంటే 15 ఏళ్ల సర్వీసు ఉండాలి. నాలుగైదేళ్లు చేసి వచ్చినవాళ్లకు పెన్షన్ లేదు. పెన్షన్ లేనివాళ్ల సర్వీసు ఫైళ్లను 25 ఏళ్లు దాటాక తీసేయాలన్నది సైన్యం నిబంధన.

కానీ ఫైలు పోయినా ఒక రిజిస్టర్ ఉంటుంది. దాన్ని 'లాంగ్ రోల్' అంటారు. నంబర్ వరుసలో ఒక్కో సైనికుడి ముఖ్య వివరాలు క్లుప్తంగా అందులో రాసి ఉంచుతారు. అందుకే మొదటి దరఖాస్తులోనే "సర్వీసు ఫైలు లేకపోతే లాంగ్ రోల్‌లోని వివరాల ధ్రువీకృత నకలు ఇవ్వండి" అని రాయండి. ఆ ఒక్క వాక్యం లేకపోతే, ఫైలు లేదన్న జవాబుతోనే దరఖాస్తు ముగిసిపోవచ్చు. జవాబు సరిగా లేదనిపిస్తే 30 రోజుల్లోపు మొదటి అప్పీలు చేసుకోవచ్చు.

జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాన్ని కూడా మరిచిపోవద్దు. పెన్షన్ రాని రెండో ప్రపంచ యుద్ధ సైనికులకు, వాళ్ల భార్యలకు తెలుగు రాష్ట్రాలు నెలనెలా ఆర్థిక సాయం ఇస్తూ వచ్చాయి. మీ నానమ్మో, అమ్మమ్మో ఆ సాయం తీసుకుని ఉంటే అప్పుడిచ్చిన కాగితాల్లో ఆర్మీ నంబర్ ఉంటుంది. ఆమె ఇప్పటికీ ఉండి, ఆ సాయం ఎప్పుడూ అందకపోయి ఉంటే.. మీరు వెతుకుతున్న కాగితం ఆమెకే పనికి రావచ్చు.

తిరిగి రాని వారి కోసం

యుద్ధంలో చనిపోయినవారి వివరాలు వెతకడం కొంత సులభం. కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో రెండు ప్రపంచ యుద్ధాల్లో చనిపోయిన దాదాపు 17 లక్షల మంది పేర్లు ఉన్నాయి. వెతకడానికి పైసా ఇవ్వక్కర్లేదు. పేరుతో దొరక్కపోతే నంబర్‌తో చూడండి. కొన్ని ఎంట్రీల్లో తండ్రి పేరు, భార్య పేరు, ఊరు కూడా ఉంటాయి.

సమాధి కోసం మాత్రమే చూడకండి. దహనం చేసిన హిందూ సైనికులకు చాలాచోట్ల సమాధి ఉండదు. స్మారకం మీద పేరు ఉంటుంది. బర్మాలో చనిపోయిన చాలామంది పేర్లు యాంగోన్ దగ్గర తాక్యాన్‌లోని రంగూన్ మెమోరియల్‌పై, మలయా, సింగపూర్ వైపు చనిపోయినవారివి సింగపూర్‌లోని క్రాంజిలో ఉన్నాయి.

రోజువారీ ఏం జరిగిందో తెలియాలంటే?

ప్రతి యూనిట్ యుద్ధరంగంలో 'వార్ డైరీ' రాసేది. ఏ రోజు ఎక్కడ ఉన్నారు, ఏ వంతెన కట్టారు, ఎప్పుడు దాడి జరిగింది.. అన్నీ అందులో ఉంటాయి. మామూలు సిపాయి పేరు దాదాపుగా కనిపించదు. కానీ యూనిట్, తేదీలు మీ చేతిలో ఉంటే ఆయన ఆ రోజుల్లో ఎక్కడ తిరిగారో తెలుస్తుంది. ఈ డైరీలు చాలావరకు లండన్ శివారు క్యూలోని బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. లండన్‌లో మీ చుట్టాలబ్బాయి చదువుకుంటుంటే రీడర్ టికెట్ తీసుకుని ఫోన్‌తో ఫొటోలు తీసి పంపమనండి. దానికి ఫీజు లేదు.

ఇక్కడే జాగ్రత్త. రికార్డులు తెప్పిస్తామని, బ్రిటన్ నుంచి డబ్బు వస్తుందని చెప్పి ఎవరైనా వేలల్లో అడిగితే నమ్మొద్దు. పైన చెప్పిన పనులన్నీ మీరే చేసుకోవచ్చు.

ఈ రోజే చేయాల్సిన పని ఒకటుంది. మెడల్‌ను రెండు వైపులా, అంచు మీద ఫొటో తీయండి. తర్వాత ఇంట్లో పెద్దవాళ్ల పక్కన కూర్చుని ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి అడగండి.. ఉత్తరాలు ఎక్కడి నుంచి వచ్చేవి? ఏ రైల్వే స్టేషన్‌లో దింపారు? వచ్చాక ఏ ఊరి పేరు ఎక్కువగా చెప్పేవారు? లాంగ్ రోల్ వచ్చే ఏడాది కూడా రికార్డ్ ఆఫీసులో ఉంటుంది. ఈ జవాబులు చెప్పేవాళ్లు అప్పటికి ఉంటారో లేదో.